శుక్లం ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు కొలత

నిర్వచనం

కార్నియా ముందు తలం నడిమి నుంచి, రెటీనాలో చూపు సూటిగా పడే పచ్చచుక్క వరకు ఉన్న దూరమే కంటి అక్షీయ పొడవు. వాడుకలో దీన్ని కంటి పొడవు అంటారు. శుక్లం పట్టిన సహజ కటకాన్ని తీసేసి, దాని స్థానంలో పెట్టే కృత్రిమ కటకం (వాడుకలో లెన్స్) ఎంత పవర్‌ది కావాలో లెక్కకట్టడానికి ఈ కొలతే ఆధారం. కంటి పొడవు, కార్నియా వంపు, కార్నియాకూ కటకానికీ మధ్య ఉండే ముందు గది లోతు వంటి కొలతలన్నిటినీ కలిపి బయోమెట్రీ అంటారు. ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఈ పరీక్షలన్నిటికీ కలిపి ‘ఎ-స్కాన్’ అనే పేరే స్థిరపడింది. నిజానికి ఎ-స్కాన్ అనేది కంటి పొడవును కొలిచే పద్ధతుల్లో ఒకటి మాత్రమే.

పెద్దవారిలో కంటి పొడవు సగటున 23.5 మిల్లీమీటర్లు. పుట్టిన బిడ్డకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉండి, మొదటి రెండేళ్లలో వేగంగా, ఆపైన నెమ్మదిగా పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నవాటిని పొట్టి కళ్లుగా, 26 దాటినవాటిని పొడవు కళ్లుగా లెక్కిస్తారు. దగ్గరి వస్తువులే కనిపించే హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారిలో కన్ను 30 మిల్లీమీటర్ల దాకా సాగవచ్చు.

ప్రాముఖ్యం

శుక్లం రాకముందు సహజ కటకం పవర్ చాలావరకు ఆ కంటికి సరిపోయేదే. దాన్ని తీసేశాక పెట్టే లెన్స్‌కు మాత్రం ముందే పవర్ నిర్ణయించాలి. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ ఎంత నేర్పుగా పని చేసినా, తప్పు పవర్ ఉన్న లెన్స్ పెడితే రోగి మళ్లీ మందపాటి అద్దాల మీదే ఆధారపడాలి. ఆపరేషన్ తర్వాత రోగికి అద్దాలు కావాలా వద్దా, కావాలంటే ఎంత పవర్‌వి అనే విషయం చాలావరకు ఈ కొలత తీసే గదిలోనే తేలిపోతుంది.

సాధారణ పొడవున్న కంటిలో కొలత 1 మిల్లీమీటరు తప్పితే, ఆపరేషన్ తర్వాతి చూపులో సుమారు 2.35 డయాప్టర్ల (పవర్‌ను కొలిచే ప్రమాణం) తేడా వస్తుంది. 20 మిల్లీమీటర్ల పొట్టి కంటిలో అదే తప్పు దాదాపు 3.75 డయాప్టర్లు, 30 మిల్లీమీటర్ల కంటిలో దాదాపు 1.75 డయాప్టర్లు అవుతుంది. చిన్న కంటిలో చిన్న పొరపాటూ పెద్దదే. అసలు కంటే తక్కువ పొడవు చూపిస్తే లెక్కలో ఎక్కువ పవర్ వస్తుంది, రోగికి ఆపరేషన్ తర్వాత మైనస్ అద్దాలు పడతాయి. ఎక్కువ పొడవు చూపిస్తే ప్లస్ పడుతుంది. అప్పుడు దూరమూ దగ్గరా రెండూ మసకగానే ఉంటాయి కాబట్టి ఈ రెండో తప్పు రోగిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చాలామంది సర్జన్లు లక్ష్యాన్ని కచ్చితంగా సున్నా దగ్గర కాకుండా మైనస్ వైపు పావు, అర డయాప్టర్ దగ్గర ఉంచడానికి కారణం ఇదే.

చరిత్ర

లెన్స్ పెట్టే పద్ధతి రాకముందు కంటి పొడవు కొలవాల్సిన అవసరమే లేదు. శుక్లం తీసేసి, పుండు మానాక రోగిని కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూసేవారు. ప్లస్ 10 డయాప్టర్లకు అటూఇటూగా ఉండే సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చి పంపేవారు. పవర్ నిర్ణయం ఆపరేషన్ తర్వాత జరిగేది. తప్పయితే అద్దం మారిస్తే సరిపోయేది.

1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి మనిషి కంటిలో కృత్రిమ లెన్స్ అమర్చాడు. యుద్ధ విమానాల ప్లాస్టిక్ అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం గమనించి, ఆ జాతి ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేయించాడు. లెన్స్ కంటిలో నిలిచింది గానీ పవర్ లెక్క బాగా తప్పింది. తొలి రోగికి దాదాపు మైనస్ 18 డయాప్టర్ల హ్రస్వదృష్టి వచ్చింది. పవర్ నిర్ణయాన్ని ఆపరేషన్‌కు ముందుకు జరపడంతో పుట్టిన సమస్య ఇది. కంటి పొడవు కొలత అవసరం ఇక్కడే మొదలైంది.

1956లో అమెరికాలో మండ్ట్, హ్యూస్ అనే వైద్యులు ఎ-స్కాన్ అల్ట్రాసౌండ్‌ను కంటికి వాడారు. ఆ తర్వాత ఫిన్లాండ్‌లో ఒక్సాలా, లెహ్టినెన్ కంటిలోని వేర్వేరు భాగాల్లో ధ్వని ఎంత వేగంతో సాగుతుందో కొలిచారు. ఈ వేగాలు తెలియకపోతే ప్రతిధ్వని పట్టిన సమయాన్ని దూరంగా మార్చడం సాధ్యం కాదు. 1967లో సోవియట్ వైద్యుడు స్వ్యతొస్లావ్ ఫ్యోదరోవ్, కొలింకోతో కలిసి కాంతిశాస్త్రం ఆధారంగా లెన్స్ పవర్ సూత్రాన్ని ప్రచురించాడు. అయినా 1970లలో చాలామంది సర్జన్లు కొలత లేకుండానే అందరికీ ఒకే ప్రామాణిక పవర్ పెట్టడమో, రోగి పాత అద్దాల పవర్‌ను బట్టి కొంచెం కలపడమో, తగ్గించడమో చేసేవారు. శుక్లం ముదిరేకొద్దీ పాత అద్దాల పవర్ దానికదే మారిపోతుంది కాబట్టి ఈ అంచనా తరచూ దారి తప్పేది.

1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ వేల ఆపరేషన్ల ఫలితాల నుంచి తీసిన ఎస్ఆర్‌కె సూత్రం చేతి కాలిక్యులేటర్‌తోనే చేయదగినంత సులువుగా ఉండటంతో ప్రపంచమంతా వ్యాపించింది. 1980ల రెండో భాగంలో ఆడాల్ఫ్ ఫెర్చర్ కాంతి తరంగాల వ్యతికరణంతో కంటి పొడవు కొలవవచ్చని చూపించాడు. ఆ సూత్రంపై పనిచేసే తొలి వాణిజ్య యంత్రం ఐఓఎల్‌మాస్టర్ 1999లో జైస్ సంస్థ నుంచి వచ్చింది.

అల్ట్రాసౌండ్ పద్ధతి

పెన్నులాంటి ప్రోబ్ నుంచి సుమారు 10 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగాలు కంటిలోకి వెళ్తాయి. మాధ్యమం మారిన ప్రతిచోటా కొంత ధ్వని వెనక్కి వస్తుంది. అలా తిరిగివచ్చిన ప్రతి ప్రతిధ్వని తెర మీద నిలువు గీతగా లేస్తుంది. గీత ఎత్తు ప్రతిధ్వని బలాన్ని, గీతల మధ్య దూరం సమయాన్ని చెబుతాయి. 23.5 మిల్లీమీటర్ల కంటిలో ధ్వని పోయి రావడానికి పట్టే సమయం సెకనులో పదిలక్షో వంతులు 30 మాత్రమే.

నేత్రోదక రసంలో, కటకం వెనుక నిండి ఉండే జిగురు పదార్థమైన విట్రియస్‌లో ధ్వని వేగం సెకనుకు 1,532 మీటర్లు, సహజ కటకంలో 1,641 మీటర్లు. శుక్లం ఉన్న మామూలు కంటికి సగటున 1,550 తీసుకుంటారు. కటకం ముందే తీసేసిన కంటికి 1,532 వాడాలి. యంత్రంలో ఈ అమరికను రోగికి తగ్గట్టు మార్చకపోతే ఎంత బాగా ప్రోబ్ పట్టినా సంఖ్య తప్పే వస్తుంది.

ప్రోబ్ కంటికి తగిలే పద్ధతిలో, రోగిని కూర్చోబెట్టి మొద్దుబార్చే చుక్కలు వేస్తారు. ప్రోబ్ కొనలో వెలిగే ఎర్రటి చుక్కను చూడమని చెప్పి, దాన్ని కార్నియాకు మెల్లగా ఆనిస్తారు. తెర మీద మొదట కార్నియా గీత, తర్వాత కటకం ముందు తలానికి ఒకటి, వెనుక తలానికి ఒకటి, ఆపైన విట్రియస్ చదునుగా సాగి రెటీనా గీత నిటారుగా లేస్తాయి. దాని వెనుక తెల్లగుడ్డు గోడ గీత, ఆ తర్వాత కంటి గుంతలోని కొవ్వు నుంచి వచ్చే గీతలు మెట్లు దిగినట్టు తగ్గుతూ పోతాయి. చేయి తిరిగినవారు సంఖ్య కంటే ముందు ఈ వరసను చూస్తారు. రెటీనా గీత ఏటవాలుగా లేస్తే ప్రోబ్ వంకరగా ఉంది. రెటీనా గీత వెనుక కొవ్వు గీతలు లేకుండా ఖాళీగా ఉంటే ధ్వని పచ్చచుక్కకు కాక దృక్‌నాడి మీద పడుతోంది. రెండు సందర్భాల్లోనూ యంత్రం సంకోచం లేకుండా ఏదో ఒక సంఖ్య చూపిస్తుంది. ఆ సంఖ్యను నమ్మి రాసుకోవడంలోనే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతిలో అతి సాధారణమైన లోపం నొక్కుడు. ప్రోబ్ ఒత్తిడికి కార్నియా లోపలికి వంగి, పొడవు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా తక్కువ చూపిస్తుంది. దీన్ని పసిగట్టడానికి ముందు గది లోతును చూడాలి. వరుసగా తీసిన కొలతల్లో ముందు గది ఎక్కువ లోతుగా వచ్చిన చోట నొక్కుడు తక్కువ అని అర్థం. కొలత తీసే ముందే కార్నియా వంపు చూసుకోవాలి. ప్రోబ్ తగిలాక కార్నియా పైపొర చెదిరి వంపు కొలత తప్పుతుంది. ఒక రోగికీ మరో రోగికీ మధ్య ప్రోబ్ కొనను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చాకే మళ్లీ వాడాలి.

నీటి మాధ్యమ పద్ధతిలో నొక్కుడు సమస్య ఉండదు. రోగిని పడుకోబెట్టి, రెప్పల మధ్య చిన్న గిన్నెలాంటి తొడుగు పెట్టి, అందులో సెలైన్ నింపుతారు. ప్రోబ్ కార్నియాను తాకకుండా ఆ ద్రవంలో తేలి ఉంటుంది. అందువల్ల ప్రోబ్ గీత, కార్నియా గీత తెర మీద విడివిడిగా కనిపిస్తాయి. సమయం కొంచెం ఎక్కువ పడుతుంది, తొడుగు శుభ్రత గురించి జాగ్రత్త కావాలి. కానీ అల్ట్రాసౌండ్‌తో కొలిచేటప్పుడు ఇదే మెరుగైన పద్ధతి. తొందర పని ఉన్నచోట దీన్ని వదిలేయడం సాధారణమే గానీ సమర్థించదగినది కాదు.

కాంతి పద్ధతి

కాంతి వేగం చాలా ఎక్కువ కాబట్టి, ధ్వనిలా పోయి వచ్చిన సమయాన్ని నేరుగా కొలవడం కుదరదు. అందుకే కాంతిని రెండు పాయలుగా చీల్చి, కంటి నుంచి తిరిగివచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఏర్పడే వ్యతికరణాన్ని పరిశీలిస్తారు. తొలి ఐఓఎల్‌మాస్టర్ 780 నానోమీటర్ల పరారుణ లేజర్‌ను వాడేది. హాగ్-స్ట్రైట్ సంస్థ తెచ్చిన లెన్‌స్టార్ 820 నానోమీటర్లతో పనిచేస్తూ కటకం మందం కూడా కొలుస్తుంది. 2014లో వచ్చిన ఐఓఎల్‌మాస్టర్ 700 తరంగదైర్ఘ్యాన్ని వేగంగా మారుస్తూ పోయే స్వెప్ట్ సోర్స్ లేజర్‌ను, సుమారు 1,055 నానోమీటర్ల దగ్గర, వాడుతుంది. పొడవైన తరంగదైర్ఘ్యం మసక కటకంలోంచి మెరుగ్గా దూసుకుపోతుంది. పైగా ఈ యంత్రం కంటి నిలువుకోత చిత్రాన్ని చూపుతుంది కాబట్టి, కొలత పచ్చచుక్క మీదే పడిందా లేదా అన్నది కంటితో చూసి నిర్ధారించుకోవచ్చు.

యంత్రం కంటికి తగలదు, చుక్కలు అవసరం లేదు. రోగి గడ్డం ఆనించి వెలుతురు చుక్కను చూస్తే కొద్ది సెకన్లలో పని అయిపోతుంది. చూపు ఎక్కడ నిలిస్తే అక్కడికే కొలత పడటం దీని పెద్ద బలం. అల్ట్రాసౌండ్ కొలతలో తేడా 0.1 మిల్లీమీటర్ దాకా ఉంటే, ఇందులో 0.01 మిల్లీమీటర్ దాకా తెలుస్తుంది.

రెండు పద్ధతుల మధ్య ఇంకొక తేడా ఉంది. ధ్వని రెటీనా పైపొర దగ్గరే వెనక్కి మళ్లుతుంది, కాంతి రెటీనా అడుగున ఉన్న వర్ణకణ పొర దాకా వెళ్తుంది. రెటీనా మందమంత తేడాను సరిచేసి, కాంతి కొలతను నీటి మాధ్యమ అల్ట్రాసౌండ్ కొలతతో సరిపోయేలా యంత్రంలోనే మారుస్తారు. ఈ సవరణను స్థిరపరచడంలో జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ హైగిస్ పాత్ర ముఖ్యమైనది. అప్పటివరకు అల్ట్రాసౌండ్ ఆధారంగా తయారైన సూత్రాలు పారేయాల్సిన పని లేకుండా కొత్త యంత్రాలతోనూ నడవడానికి ఈ సవరణే కారణం. ఆ సూత్రాల్లో వాడే లెన్స్ స్థిరాంకాలను మాత్రం కాంతి కొలతకు విడిగా సవరించుకోవాలి.

కాంతి వెళ్లలేని కంటిలో ఈ యంత్రాలు పనిచేయవు. బాగా ముదిరి తెల్లబడిన శుక్లం, కార్నియా మచ్చలు, కంటిలో రక్తస్రావం, చూపు నిలపలేని రోగి వంటి సందర్భాల్లో మళ్లీ అల్ట్రాసౌండే దిక్కు. పల్లెల నుంచి శిబిరాలకు వచ్చేవారిలో ముదిరిన శుక్లాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ఎంత ఖరీదైన కాంతి యంత్రం ఉన్న ఆసుపత్రికైనా ఎ-స్కాన్ నడపగల మంచి చేయి కావాల్సిందే. కొత్త యంత్రం వచ్చాక ఈ నైపుణ్యాన్ని నేర్పడం మానేస్తే, నష్టం ఎక్కువగా పడేది ఆలస్యంగా ఆసుపత్రికి చేరే రోగుల మీదే.

కొలత నుంచి పవర్‌కు

ఎస్ఆర్‌కె సూత్రం ఇలా ఉంటుంది: లెన్స్ పవర్ = ఎ స్థిరాంకం − 2.5 × కంటి పొడవు − 0.9 × కార్నియా పవర్. ఎ స్థిరాంకం అనేది లెన్స్ తయారీని బట్టి ఉండే సంఖ్య. కార్నియా పవర్ దాని వంపు కొలత నుంచి వస్తుంది. స్థిరాంకం 118.4, పొడవు 23.5, కార్నియా పవర్ 44 అనుకుంటే, 118.4 − 58.75 − 39.6 = 20.05. అంటే 20 డయాప్టర్ల లెన్స్. పొడవును పొరపాటున 22.5గా రాస్తే లెక్క 22.55కు చేరి, 22.5 డయాప్టర్ల లెన్స్ కంటిలోకి వెళ్తుంది. లెన్స్‌లు సాధారణంగా అర డయాప్టర్ తేడాలతో దొరుకుతాయి కాబట్టి ఇది అయిదు మెట్ల తప్పు.

ఈ సూత్రం సగటు కళ్లకు పర్వాలేదనిపించినా పొట్టి, పొడవు కళ్లలో తప్పేది. దానికి సవరణగా ఎస్ఆర్‌కె-2, ఆ తర్వాత సిద్ధాంతం, అనుభవం రెండూ కలిపిన హాలడే (1988), ఎస్ఆర్‌కె/టి (1990), హాఫర్ క్యూ (1993) వచ్చాయి. ఇప్పుడు బారెట్ యూనివర్సల్ 2, కేన్, హిల్-ఆర్‌బిఎఫ్ వంటివి విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వీటిలో చివరిది పూర్తిగా సమాచారం నుంచి యంత్రం నేర్చుకునే పద్ధతి. పాత ఎస్ఆర్‌కెను నేటి ఆపరేషన్లకు వాడకూడదు. పైన ఇచ్చిన లెక్క సూత్రం పనితీరు అర్థం కావడానికి మాత్రమే.

కొత్త సూత్రాలన్నీ పరిష్కరించాలని చూసే చిక్కు ఒకటే. ఆపరేషన్ తర్వాత లెన్స్ కంటిలో ఎంత లోతున స్థిరపడుతుందో ముందే చెప్పగలగాలి. అది కొలవదగినది కాదు, ఊహించవలసినది. 1992లో డెన్మార్క్ పరిశోధకుడు థామస్ ఓల్సెన్ లెక్క ప్రకారం పవర్ తప్పుల్లో 54 శాతం కంటి పొడవు కొలత వల్ల, 38 శాతం లెన్స్ లోతు అంచనా వల్ల, 8 శాతం కార్నియా కొలత వల్ల వచ్చేవి. 2008లో స్వెర్కర్ నోర్బీ లెక్కలో కంటి పొడవు వాటా సుమారు 17 శాతానికి తగ్గి, లెన్స్ లోతు అంచనా సుమారు 35 శాతంతో మొదటి స్థానానికి వచ్చింది. ఈ రెండు అధ్యయనాల మధ్య కాలంలో కాంతి యంత్రాలు రావడమే దీనికి ప్రధాన కారణం.

ప్రత్యేక సందర్భాలు

పొడవు కళ్లు: హ్రస్వదృష్టి బాగా ఎక్కువున్నవారిలో కంటి వెనుక గోడ ఒకచోట బుడిపెలా బయటికి ఉబ్బుతుంది. దీన్ని స్టఫిలోమా అంటారు. ఎ-స్కాన్‌లో ఎక్కువ పొడవు ఉబ్బు అడుగుకు వస్తుంది. పచ్చచుక్క మాత్రం ఆ ఉబ్బు వాలులో ఎక్కడో ఉండవచ్చు. ఇలాంటి కళ్లలో కాంతి పద్ధతి, లేదా చిత్రం చూపే బి-స్కాన్ సాయంతో కొలవడం తప్పనిసరి. కొలత సరిగ్గా వచ్చినా పాత సూత్రాలు ఈ కళ్లలో ప్లస్ వైపు తప్పుతాయని గుర్తించి, 25 మిల్లీమీటర్లు దాటిన కళ్లకు లి వాంగ్, డగ్లస్ కాక్ 2011లో పొడవు సవరణను ప్రతిపాదించారు.

సిలికాన్ నూనె నింపిన కళ్లు: రెటీనా ఊడినప్పుడు చేసే ఆపరేషన్‌లో విట్రియస్ స్థానంలో సిలికాన్ నూనె నింపుతారు. అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 980 మీటర్లే. మామూలు అమరికతో కొలిస్తే 23.5 మిల్లీమీటర్ల కన్ను 32 దాటినట్టు కనిపిస్తుంది. కాంతి యంత్రంలోనైతే నూనె ఉన్నట్టు అమరిక మారిస్తే చాలు, తేడా పెద్దగా రాదు.

లేసిక్ చేయించుకున్నవారు: వీరిలో కంటి పొడవు కొలత సమస్య కాదు. కార్నియా ఆకారం మారిపోయింది కాబట్టి వంపు కొలత తప్పుదారి పట్టిస్తుంది. దీనికి విడిగా సూత్రాలున్నాయి. ఎప్పుడో ఇరవైల వయసులో లేసిక్ చేయించుకున్న సంగతి అరవైలలో రోగి చెప్పకపోవచ్చు. పరీక్ష చేసేవారే అడిగి తెలుసుకోవాలి.

పిల్లలు: పుట్టుకతో వచ్చే శుక్లంలో కన్ను ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కూర్చోబెట్టి కొలవడం కుదరదు కాబట్టి మత్తు ఇచ్చాక, నీటి మాధ్యమ పద్ధతిలో కొలుస్తారు. ఆ రోజు కొలతకు సరిపోయే పవర్ పెడితే కన్ను పెరిగాక పెద్ద మైనస్ వస్తుంది. అందుకే వయసును బట్టి ఉద్దేశపూర్వకంగా తక్కువ పవర్ లెన్స్ పెట్టి, ప్రస్తుతానికి ప్లస్ అద్దాలు ఇస్తారు. ఆ అద్దాలు పిల్లలు మానకుండా పెట్టుకోవాలి. లేకపోతే ఆపరేషన్ బాగా జరిగినా కన్ను సోమరి కన్నుగా మారుతుంది (చూ. సోమరి కన్ను).

నాణ్యత నియంత్రణ

రెండు కళ్లూ కొలవడం నియమం, ఆపరేషన్ ఒక కంటికే అయినా సరే. రెండు కళ్ల పొడవులో 0.3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్నా, పొడవు 22 కంటే తక్కువగానో 25 కంటే ఎక్కువగానో ఉన్నా, కార్నియా పవర్ 40 కంటే తక్కువగానో 47 కంటే ఎక్కువగానో వచ్చినా మళ్లీ కొలిచి చూడాలన్నది చాలా చోట్ల పాటించే పద్ధతి. వీలైతే రెండోసారి మరొకరు కొలవాలి. రోగి పాత అద్దాల పవర్‌తో కొలత పొసగుతుందో లేదో చూడటం కూడా మంచి తనిఖీ. శుక్లం రాకముందు నుంచీ మైనస్ 8 అద్దాలు వాడిన వ్యక్తి కంటి పొడవు 22.5 అని వస్తే ఏదో తప్పు జరిగినట్టే. కాంటాక్ట్ లెన్స్ వాడేవారు కొలతకు ముందు వాటిని ఆపాలి. మెత్తటివి కనీసం వారం రోజులు, గట్టివి అంతకంటే ఎక్కువ కాలం ఆపమంటారు.

ఫలితాలను తూచడానికి బ్రిటన్‌లో 2009లో ప్రచురితమైన ప్రమాణం ప్రకారం, ఆపరేషన్ తర్వాత కనీసం 85 శాతం మందిలో అనుకున్న పవర్‌కు 1 డయాప్టర్ లోపు, 55 శాతం మందిలో అర డయాప్టర్ లోపు ఫలితం రావాలి. ఇలాంటి తూకానికి ప్రతి రోగికీ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు అద్దాల పరీక్ష చేసి, అనుకున్నదీ వచ్చినదీ పక్కపక్కన రాసి ఉంచాలి. అలా పోగైన లెక్కలతోనే సర్జన్ తాను వాడే లెన్స్ స్థిరాంకాన్ని సవరించుకుంటాడు.

భారతదేశంలో స్థితి

1976లో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైన తొలి కాలంలో శిబిరాల ఆపరేషన్లు ఎక్కువగా లెన్స్ లేకుండానే జరిగేవి. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా ఏర్పడిన ఆరోల్యాబ్ తక్కువ ధరకు లెన్స్‌లు తయారుచేయడంతో పేదలకూ లెన్స్ పెట్టడం సాధ్యమైంది. లెన్స్ అందరికీ అందడంతో కొలత కూడా అందరికీ అవసరమైంది. నేడు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద కంటి ఆసుపత్రుల్లో కాంతి యంత్రాలు ఉన్నాయి. చిన్న ఆసుపత్రుల్లో ఎ-స్కాన్, చేతితో తిప్పి కార్నియా వంపు చూసే కెరటోమీటర్ ఇంకా పనిచేస్తున్నాయి. ఈ కొలతలను ఎక్కువగా ఆప్టోమెట్రిస్టులు, నేత్ర సహాయకులు తీస్తారు. రోగి చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో లెన్స్ పవర్ స్టిక్కర్‌తో పాటు రెండు కళ్ల పొడవు కూడా రాసి ఇస్తే, రెండో కంటి ఆపరేషన్ వేరే ఊళ్లో జరిగినా ఆ సంఖ్యలు అక్కడి సర్జన్‌కు నేరుగా పనికొస్తాయి.